గొంగడి కింద సముద్రం

6 మే 1969, మంగళవారం

నా అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో సరిగ్గా తెలియదు. గరిడేపల్లి బడిలో ఐదో తరగతితో ఆపేసినదాన్ని. తప్పులుంటే మన్నించాలి. ఎవరిని మన్నించమంటున్నానో నాకే తెలియదు. ఈ డైరీనే అయ్యుంటుంది. జనవరిలో మా బియ్యం మిల్లుకు వచ్చింది, ఎవరూ ముట్టలేదు. ఆయన తెచ్చి నా చేతిలో పెట్టారు. "నోటితోటి చెప్పనివి దీంట్ల రాసుకో. నేను చదవను" అన్నారు. ఇన్ని నెలల కాగితాలు ఖాళీగానే పోయాయి. ఇవాళ ఆయన ఊళ్లో లేరు కాబట్టి మొదలుపెట్టాను.

పొద్దున ఆయన మా డ్రైవరు సత్యానందం లారీలో బెజవాడ పోయారు. మిల్లులో రోలర్లు అరిగిపోయాయి, కొత్తవి కావాలి. అక్కడి నుంచి బందరు పోయి సముద్రం నీళ్లు కూడా నింపుకొని వస్తారు. వారంలోపే వస్తానన్నారు.

పోయే ముందు తొట్టి నాకు ఒప్పజెప్పారు. డబ్బాలో పొడి ఉంది, రెండు రోజులకోసారి చిటికెడు వెయ్యాలి. కిటికీ తెరవొద్దు. అద్దం మీది గీత కిందికి నీళ్లు దిగితే జాడీలో పట్టిపెట్టిన వాననీళ్లు పొయ్యాలి. కరెంటు పోతే గాలి బుడగలు ఆగిపోతాయి, అప్పుడు గాలి నింపిన లారీ ట్యూబుకు రబ్బరు గొట్టం తగిలించాలి. నేను అన్నిటికీ తలూపాను. "నీకు భయమా?" అని అడిగారు. దానికి కూడా తలూపాను. ఆయన నవ్వారు.

8 మే

పెండ్లయి ఈ ఇంటికి వచ్చిన రోజు మొదట చూసింది ఆయన ముఖం కాదు, తొట్టినే. ఇనుప చట్రంలో నాలుగు అద్దాలు, లోపల నీళ్లు, ఒక రాయి, రాయి మీద పువ్వు. వంగపండు రంగు. నూరు వేళ్లున్న చెయ్యి లాగా మెల్లగా ఊగుతుంది. "ఇది పువ్వు కాదు, జంతువు" అన్నారు ఆయన. ఇంగ్లీషు పేరు చెప్పారు, నాకు నోరు తిరగలేదు. నాకు పువ్వే.

ఆయన వాల్తేరులో జంతువుల చదువు చదివేవారు. మామగారు ఉన్నట్టుండి పోయేసరికి మధ్యలో ఆపి కోదాడ వచ్చి మిల్లులో కూర్చున్నారు. పుస్తకాలన్నీ అక్కడ స్నేహితులకే ఇచ్చేశారట. ఈ ఒక్క రాయి మాత్రం ఉప్పునీళ్ల బకెట్‌లో పెట్టుకొని రైలు, బస్సు మారుతూ తెచ్చారు. అంత దూరం బకెట్‌ను ఒళ్లో పెట్టుకొని కూర్చున్న మనిషి ఇంకొకరు ఉంటారా?

అత్తమ్మ ఒక్క షరతు పెట్టిందట, ఇంట్లోకి నీసు రావొద్దని. మేము ఉల్లిగడ్డ కూడా ఏకాదశికి ముట్టము. "అది పిండి తింటదమ్మా" అన్నారట ఆయన.

నేను సముద్రం చూడలేదు. మా ఇంట్లో ఉన్నంతే చూశాను.

12 మే

రాలేదు.

13 మే

బెజవాడ నుంచి మిల్లుకు ఆయన ట్రంకాల్ వచ్చింది. తెలంగాణ గొడవలో ఆంధ్ర వైపు నుంచి వచ్చే లారీలను మన పొలిమేరలో ఆపుతున్నారు, ఒకటి రెండింటి అద్దాలు పగిలాయి. గొడవ తగ్గిందాకా బెజవాడలోనే ఉంటామన్నారు. ఆఫీసులో మగవాళ్లు కూర్చుని ఉంటే నేను తలుపు వెనక నిలబడ్డాను. అత్తమ్మే మాట్లాడింది. ఫోను నుంచి ఆయన గొంతు ఇవతలికి కూడా వినపడింది. మొదట మిల్లు సంగతి, తర్వాత తొట్టి సంగతి, ఆ తర్వాత నా సంగతి. మూడోదే కానీ, అడిగారు.

15 మే

ఎండకు డబ్బా వేడెక్కింది. మూత తీయగానే గుప్పున వాసన. నాకు తెలిసిన వాసనే, కానీ మా ఇంట్లోది కాదు.

దొడ్డి వాకిట్లో మరియమ్మ తవుడు చెరుగుతోంది. సత్యానందం భార్య, మా మిల్లులోనే పని. చిటికెడు తీసి చూపించాను.

"ఇదేం పొడి మరియమ్మా?"

వాసన చూసి, నాలుక కొసకు పెట్టుకొని నా ముఖంలోకి చూసింది. "ఎండు రొయ్యలు గదమ్మా. మీ ఇంట్లకు ఇదెట్ల వచ్చె?"

 డబ్బా ఆమె చేతిలో పెట్టి, అత్తమ్మకు చెప్పొద్దన్నాను. "నేనెందుకు చెప్త? గింత కారమేసుకుంటే వారం కూర ఖర్సు లేదు నాకు" అంది.

ఆయన అబద్ధం చెప్పలేదు. రొయ్యలను దంచితే పిండే కదా అవుతుంది.

16 మే

బాగా ఆలోచించాను. ఈ ఇంట్లో ఉన్నప్పుడు ఈ ఇంటి తిండి తినాలి. నేను మాత్రం ఇక్కడి చప్పటి పప్పుచారు అలవాటు చేసుకోలేదా? పెసరపిండి వేయించి, చల్లార్చి వేశాను. పువ్వు వేళ్లతో అందుకుంది. పట్టుకుంది. నాకు చెప్పలేనంత సంతోషమైంది.

18 మే

పట్టుకున్నదాన్ని సాయంత్రానికి వదిలేసింది. కమ్మదనం చాలలేదేమో. ఇవాళ కొంచెం నెయ్యి తగిలించాను.

కిటికీ కూడా తీశాను. పువ్వన్న తర్వాత ఎండ ఉండాలి. ఆయనకు మొక్కల సంగతి తెలియదు, జంతువుల చదువు కదా.

21 మే

అద్దం మీద పచ్చదనం వచ్చింది. లేత పచ్చ. మా నాయన కౌలు పొలంలో నారు పోసినప్పుడు నాలుగో నాడు అచ్చం ఇట్లాగే ఉంటుంది, కళ్లు దగ్గరగా పెడితేనే కనపడుతుంది. ఉప్పునీళ్లలో కూడా పచ్చగా పుడుతుందని నాకు తెలియదు. నా చేతి గుణమే అయ్యుండాలి. ఆయన వచ్చి చూస్తే ఏమంటారో.

26 మే

రోహిణి కార్తె. నీళ్లు రోజూ గీత కిందికి దిగుతున్నాయి. జాడీలో వాననీళ్లు అయిపోయాయి, బావినీళ్లు పోశాను. పచ్చదనం రాయి మీదికి ఎక్కి జుట్టులాగా పెరిగింది. గాలి బుడగలు పైకి పోతుంటే ఆ జుట్టు ఒక పక్కకు వాలి మళ్లీ లేస్తుంది. ఎవరో తల దువ్వుతున్నట్టు ఉంటుంది. చూస్తూ కూర్చుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

అత్తమ్మ వచ్చి కళ్లద్దాలు సర్దుకొని చూసింది.

"పిల్లా, ఇది పాకురు."

"పంటలాగా లేదా అత్తమ్మా?"

"బావి మెట్ల మీద ఉండేటి పాకురు. జారి పడి మా పెదనాయన నడుము ఇరిగింది దీంతోనే."

బాగానే ఉంది. కొంచెం ఎక్కువైంది, అంతే.

29 మే

బాగానే ఉంది.

30 మే

బాగా లేదు. ఇసుక మీద నల్లెరుపు తోలు ఒకటి పరుచుకుంది. దాని కింద బుడగలు. పుల్లతో కదిపితే కంపు. పువ్వు ముడుచుకొని వాడిన వంకాయలాగా అయింది. పాకురు జుట్టు దాని గొంతు చుట్టూ చేరింది.

1 జూన్, ఆదివారం

మిర్యాలగూడ నుంచి బావగారు వచ్చారు. భిక్షపతి బావగారంటే మిల్లులో హమాలీలు కూడా బీడీలు దాచేస్తారు. మామగారి తద్దినం 13న ఉంది, ఆ ఏర్పాట్లు చూడడానికి వచ్చారు. గదిలోకి వస్తూనే కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"ఏందమ్మా ఈ కంపు? ఏమన్న సచ్చిందా?"

"తమ్ముని తొట్టిరా" అంది అత్తమ్మ.

"రోడ్డు మీద పిల్లలు ఆంధ్రోళ్లు పోవాలని అరుస్తున్నరు. మనోడేమో ఆంధ్ర నీళ్లను ఇంట్ల కూర్చోబెట్టిండు. అవి గూడ కుళ్లినయి." నవ్వలేదు, కానీ అది ఎగతాళే. తర్వాత మెల్లగా అన్నారు. "నాయన తద్దినం నాడు బ్రాహ్మలు ఇదే గదిల కూర్చుంటరు. అప్పటికి ఇది ఇంట్ల ఉండొద్దు. మురికాల్వల పోయించు. నేను చెప్పిన్నని చెప్పు వానికి."

అత్తమ్మ మంచినీళ్ల చెంబు ఆయన ముందు పెట్టింది. నేను తలుపు వెనక ఉన్నాను.

అంత దూరం ఒళ్లో పెట్టుకొని తెచ్చిన రాయి.

3 జూన్

పాకురు పీకాను. చేతికి చుట్టుకుంటుంది.

4 జూన్

మళ్లీ వచ్చింది. పీకాను.

5 జూన్

ట్రంకాల్. "తొట్టి ఎట్లున్నదమ్మా?" అని ఆయన అడిగారు.  అత్తమ్మ కన్నార్పకుండా "అద్దంలెక్క ఉన్నది. నువ్వు పైలంగ రా" అంది. ఫోను పెట్టి నా వైపు చూడకుండా వెళ్లిపోయింది. తులసికి నీళ్లు పోస్తూ లెంపలు వేసుకోవడం వంటింట్లో నుంచి చూశాను.

8 జూన్, ఆదివారం, మృగశిర

తెల్లవారుజామున మంచి వాన పడింది. ఊరంతా చేపల పులుసు వాసన. మృగశిర నాడు తినేవాళ్లందరూ చేపలు తింటారు, మాలాంటి వాళ్లు ఇంగువ, బెల్లం ఉండ చేసి మింగుతాము. అత్తమ్మ ఒక ఉండ నా చేతిలో పెట్టి, తాను ఒకటి వేసుకొని, తొట్టి ముందుకు పోయి నిలబడింది.

"ఏం పెడుతున్నవ్ దీనికి?"

"పెసరపిండి, అత్తమ్మా."

"నెయ్యి ఏసినవా?"

"కొంచెం."

అత్తమ్మ నవ్వు ఆపుకుంది. "నీకు రోజూ పచ్చిగడ్డి పెడితే తింటవా ఆండాలూ? నెయ్యేసి పెట్టినా సరే." నేను తల దించుకున్నాను. "అది తినకుండ ఇడిసిందంత కింద కుళ్లింది. కుళ్లిందంత పాకురుకు ఎరువైంది. ఎవుసం చేసే ఇంటి పిల్లవు, గిది తెల్వదా? వాని డబ్బా ఏది?"

"ఏ డబ్బా?"

"రొయ్యల పొడి డబ్బా."

ఇంగువ నా గొంతులో అడ్డం పడింది. అత్తమ్మ నా వీపు నిమురుతూనే చెప్పింది. "వాడు నా కొడుకు. శీకాయతోటి చేతులు కడిగినా ఆ వాసన పోతదా? మొదటి దినమే తెల్సింది నాకు."

"మరి ఎందుకు అనలేదు అత్తమ్మా?"

"అంటే మానేస్తడు. చదువు మానుకొమ్మంటే మానుకున్నట్టే."

తర్వాత దొడ్డి తలుపు తీసి తనే మరియమ్మను పిలిచింది. డబ్బా మాటెత్తితే మరియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయిపాయె అమ్మా. కారమేసుకొని తిన్నం. మంచిగుండె."

"పచ్చి రొయ్యలున్నయా మీ ఇంట్ల?"

"పాలేరు చెరువు రొయ్యలు తెచ్చిన ఇయ్యాల. ఎవరికమ్మా?"

"నాకే. ఇగురు పెట్టుకుంట."

మరియమ్మ చేతిలో చేట వంగి తవుడంతా కింద పోయింది. నేను పెండ్లయినాక అంత గట్టిగా నవ్వడం ఇదే మొదటిసారి. తర్వాత సంగతంతా చెప్పాము.

ఆమె మోదుగాకులో నాలుగు రొయ్యలు తెచ్చింది, ఒలిచి, కడిగి. నేను ముట్టుకోబోతే అత్తమ్మ "నువ్వు జరుగు, నేను పెడత" అంది. చీపురుపుల్ల కొసకు చిన్న ముక్క గుచ్చి నీళ్లలోకి దించింది. ఎవరింట్లోనన్నా నీసు కోసిన కత్తి కనపడితే మంచినీళ్లు కూడా తాగని మనిషి. ముడుచుకున్న పువ్వుకు ముక్క తగిలించి అట్లాగే పట్టుకుంది. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఒక వేలు కదిలింది. ఇంకొకటి. మెల్లగా ముక్కను లోపలికి తీసుకుంది. ఇంక వదల్లేదు.

"ఆకలైంది పాపం" అంది అత్తమ్మ. పోయి బావి దగ్గర కట్టుబట్టలతో తల మీద నీళ్లు పోసుకుంది. నేను తుండు పట్టుకొని నిలబడ్డాను. ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది, సిగ్గేసి తుండే ఇచ్చాను.

మధ్యాహ్నమంతా ఇద్దరం పని చేశాము. కిటికీ మూశాము. రాయి మీది పాకురంతా వేళ్లతో పీకాము. ఇసుక మీది తోలును రబ్బరు గొట్టంతో లాగాలి, దానికి ముందు నోటితో పీల్చాలి. పీల్చేసరికి నోరంతా ఉప్పు. సముద్రం ఎట్లుంటుందో నాకు ఇప్పుడు తెలిసింది, చూడకముందే. పెరట్లో తెల్లబట్ట కట్టి పట్టిన వాననీళ్లు ఉన్నాయి. ఆయన దాచి పెట్టిన చివరి జాడీ సముద్రం నీళ్లు కూడా పోసేశాము. ఇంక లేవు.

9 జూన్

పొద్దుటికే అద్దం మీద మళ్లీ పచ్చగా కనపడింది. నేను ఏడ్చాను. అత్తమ్మ కాసేపు ఆలోచించి అటక మీది పాత గొంగడి దించింది. "పాకురు పోయేదాకా దీన్ని ఎవరూ సూడొద్దు. పెద్దోడు వచ్చినప్పుడు సూస్తె పారబోయిస్తడు. కప్పి పెడదాం." నాలుగు వైపులా నేల దాకా కప్పింది. గాలి గొట్టం ఒక్కటే బయటికి ఉంది.

చీకట్లో పువ్వు భయపడుతుందేమో అన్నాను. "సముద్రంల దీపాలు పెడుతరా ఎవరన్న?" అంది.

11 జూన్

అత్తమ్మ ఒక్కతే గొంగడి కొంచెం ఎత్తి, చెయ్యి లోపల పెట్టి ముక్క వేసి దించేసింది. నన్ను చూడనివ్వలేదు. అడిగితే "తిన్నది" అంది. నిజమో, నా కోసం అన్నదో తెలియదు.

13 జూన్, శుక్రవారం

తద్దినం బాగా జరిగింది. బావగారు పొద్దున్నే తడిబట్టలతో గదిలోకి వచ్చి గొంగడి వైపు చూశారు.

"ఇదేందమ్మా?"

"మడి. ముట్టకు."

"కింద ఏమున్నది?"

"మడి అంటున్న కద."

బావగారు చెయ్యి వెనక్కు తీసుకున్నారు. తల్లి మడి అన్నాక ఈ ఇంట్లో ఏ మగవాడూ రెండో మాట అనడు. బ్రాహ్మలు గొంగడి పక్కనే కూర్చొని భోంచేశారు. లోపల బుడగల చప్పుడు వినపడినప్పుడల్లా నేను గిన్నెలు చప్పుడు చేశాను. ఒకాయన "మీ కోడలు జర నెమ్మది నేర్చుకోవాలె" అన్నాడు. అత్తమ్మ "నేర్పిస్త" అంది.

కంపు లేదు. రోజంతా అదొక్కటే ముక్కుతో వెతుకుతూ తిరిగాను. లేదు.

14 జూన్

బావగారు మిర్యాలగూడ పోవడానికి చెప్పులు వేసుకున్నారు. వేసుకొని అడిగారు.

"అది పారబోయించినవా అమ్మా?"

నేను వంటింటి గడప మీద ఉన్నాను. మడి అంటే అయిపోయేది. కానీ అత్తమ్మ గదిలోకి పోయి గొంగడి పట్టుకొని లాగేసింది.

నేను కళ్లు మూసుకున్నాను. మళ్లీ తెరిచాను.

వెలుగు తగలక పాకురు జుట్టంతా తెల్లబడి, తడిసిన దూదిలాగా కిందికి రాలింది. నల్లెరుపు తోలు జాడ లేదు. నీళ్లు పలుచటి టీ రంగులో ఉన్నాయి, కానీ అవతలి గోడ మీది క్యాలెండరు అంకెలు కూడా కనపడుతున్నాయి. మధ్యలో పువ్వు విచ్చుకొని ఉంది. నేను ఎన్నడూ చూడనంత వెడల్పు. వంగపండు రంగు కొంచెం వెలిసింది, అంతే.

బావగారు చెప్పులు విడిచి లోపలికి వచ్చి వంగి చూశారు. చాలాసేపు చూశారు.

"ఏం తింటది?"

ఇప్పుడైనా పిండి అంటుందనుకున్నాను.

"రొయ్యలు" అంది అత్తమ్మ.

"మనింట్లనా? ఎవరేస్తున్నరు?"

"నేనే."

బావగారు లేచి నిలబడ్డారు. అత్తమ్మ గొంగడి మడత పెడుతూనే మాట్లాడింది, గొంతు పెంచలేదు. "మీ నాయన పోయిన పదకొండో నాడు నువ్వూ నేనూ కలిసి వాని చదువు మాన్పించినం. యాదికున్నదా? వాడు ఒక్క మాట అనలే. వాల్తేరుల అన్నీ ఇడిసి ఒక్క రాయి తెచ్చుకున్నడు. పోయిస్త అంటే ఇప్పుడే పోయిస్త, నువ్వే ఒక పక్క పట్టు. నాకు చెయ్యి రాదు."

బావగారు తొట్టి మీద చెయ్యి పెట్టారు.  అద్దం మీద మిగిలిన పచ్చటి మరక ఒకటి ఉంటే, కండువా కొసతో తుడిచి తీసేశారు.

వాకిట్లోకి పోయి చెప్పులు వేసుకుంటూ అన్నారు. "లారీలను రెండు మూడు రోజుల్ల ఇడుస్తరంట. నల్లగొండల మాట్లాడిన. వాన్ని వచ్చేటప్పుడు నీళ్లు గూడ నింపుకొని రమ్మను."

22 జూన్

ఆయన వచ్చారు. రోలర్లు, నీళ్ల జాడీలు, నల్లబడిన ముఖం. ముందు తొట్టి దగ్గరికే పోయారు. పోతారని తెలుసు. చాలాసేపు చూసి "కొంచెం రంగు తగ్గింది, కిటికీ గిట్ల తీసినవా?" అని అడిగారు.

లేదన్నాను. ఇప్పుడు మూసే ఉంది కదా.

"నేనున్నప్పటికంటె పెద్దగైంది. నీ చెయ్యి మంచిది ఆండాలూ" అన్నారు. అది అత్తమ్మ చెయ్యి అని నోటి దాకా వచ్చింది. వెనక నుంచి ఆమె దగ్గింది. ఊరుకున్నాను.

సాయంత్రం ఆయన డబ్బా తీసుకొని, అమ్మ ఎక్కడుందో అటూ ఇటూ చూసి, దొంగలాగా చిటికెడు పొడి వేశారు. డబ్బాలోది మరియమ్మ కొత్తగా దంచి ఇచ్చింది. కారం కలపలేదు కదా అని నాలుగుసార్లు అడిగి మరీ నింపాను. అత్తమ్మ అప్పటిదాకా దేవుని గూడు దగ్గరే కూర్చొని, ఆయన చేతులు కడుక్కున్న చప్పుడు విన్నాకే బయటికి వచ్చింది. శీకాయ వాసన ఇల్లంతా. నేను, ఆమె ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు, చూసుకుంటే నవ్వొస్తుంది.

"వానికి చెప్పకు. దొంగతనంగ పెట్టుకుంటెనే వానికి సంతోషం" అంది ఆ తర్వాత, బియ్యం ఏరుతూ. కాసేపాగి, "బందరు ఎంత దూరం ఆండాలూ? ఆడోళ్లు పోతరా ఆడికి?" అని అడిగింది. లారీలో పోవచ్చట అత్తమ్మా, సత్యానందం ముందు సీట్లో ఇద్దరికి చోటుంటుంది అన్నాను.  బియ్యంలో రాళ్లు లేకపోయినా ఏరుతూనే ఉంది.

ఇంక రాయను. ఆయన చదవనన్నారు, చదవరు కూడా. కానీ నా తర్వాత ఎవరి చేతికైనా ఇది దొరికితే, చదవకుండా పొయ్యిలో పెట్టండి. సిగ్గుపడి అడుగుతున్నాను. నీళ్లలో మాత్రం వేయకండి, కిటికీ పక్కన అసలే పెట్టకండి. పాకురు పడుతుంది.